గోడ దాటిన నెమరు

పశువుల డాక్టరుగా నా మొదటి పోస్టింగు జిన్నారం దగ్గర ఒక ఊళ్లో. ఎనభైల చివరి సంవత్సరాలవి. మాది జోగిపేట వైపు. నాన్న బడిపంతులు, అమ్మ ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఇంట్లో ఒక్క కోడిని కూడా పెంచిన పాపాన పోలేదు. అలాంటి ఇంటి నుంచి వెళ్లి హైదరాబాదులో పశువైద్యం చదివి, భుజాన సంచీతో నేను బస్సు దిగేసరికి ఊరికి రెండు అనుమానాలు పుట్టాయి. ఈ ఆడపిల్ల బర్రె కడుపులో చెయ్యి పెడుతుందా అనేది మొదటిది. పెట్టిన చేత్తోనే అన్నం తింటుందా అనేది రెండోది. మొదటిది వారం తిరక్కుండానే తీరింది. రెండోదాని కోసం చాలామంది నేను భోంచేసే వేళ చూసుకుని, ఏదో పని ఉన్నట్టు మా గుమ్మం ముందు నుంచి నడిచేవాళ్లు.

నేను కిరాయికి దిగిన గది ఒక పాత పెంకుటింట్లో ఉంది. ఆ ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. పెరట్లో భుజమెత్తు గోడ ఒకటి కట్టుకుని రెండు సంసారాలు చేసుకున్నారు. ఇవతల అన్న, ఆయన భార్య. నాకు గది ఇచ్చింది వాళ్లే. ఆమెను నేను పెద్దమ్మా అని, ఆయన్ను పెదనాన్నా అని పిలిచేదాన్ని. అవతల తమ్ముడు, ఆయన భార్య. వాళ్లు నాకు చిన్నాయన, చిన్నమ్మ. పెదనాన్నకు ఎవుసమే లోకం. చిన్నాయన తన పొలం కౌలుకిచ్చి గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో చేరాడు. అన్నదమ్ములు బాగానే ఉండేవాళ్లు. పొద్దున హోటల్లో ఒక్క చాయ్ చెప్పి ఇద్దరూ పంచుకుని తాగేవాళ్లు. ఇంటికొచ్చాక మాత్రం ఒకరినొకరు ఎరగనట్టు మొహాలు పెట్టుకునేవాళ్లు. ఎందుకంటే వాళ్ల భార్యలు, ఆ ఏరాళ్లిద్దరికీ, మాటల్లేవు.

కారణం నేను ఊరికి రాకముందుది. ఎవరి బిడ్డదో తొట్టెల పండుగనాడు చిన్నమ్మ వంకాయ కూరలో ఉప్పు చూసి, ఆ గరిటెను మళ్లీ గిన్నెలో పెట్టింది. పెద్దమ్మ అది చూసి చుట్టాలందరి ముందూ "ఎంగిలి గరిటె కూరల పెట్టిందమ్మో!" అని అరిచింది. ఆ కూర ఎవరూ ముట్టలేదు. చిన్నమ్మ ఆ రోజు నుంచి పెద్దమ్మను ముట్టలేదు, మాటతో కూడా.

మాటల్లేవంటే ఆ ఇంట్లో నిశ్శబ్దం ఉండేదనుకోవద్దు. గోడకు అటొక బర్రె, ఇటొక బర్రె కట్టేసి ఉండేవి. ఇద్దరూ ఎవరి బర్రెతో వాళ్లు మాట్లాడేవాళ్లు. గోడ అవతలికి వినబడేలా మాట్లాడేవాళ్లు.

"మెల్లగ తినవే, నీకెవలు పోటీ లేరు," అనేది చిన్నమ్మ కుడితి తొట్టి దగ్గర. "కొందరి ఇండ్లల్ల బర్రెలు ఉత్త చొప్ప నమిలి నమిలి దవడలు గుంజుతున్నయట."

ఇటునుంచి పెద్దమ్మ తన బర్రె వీపు నిమురుతూ, "నువ్వు ఫికర్ జెయ్యకు తల్లీ. మన చొప్ప మన చేన్లది. మంది తినంగ మిగిలిన ఎంగిలి మెతుకులు మనకెందుకు?" అనేది.

ఎంగిలి మెతుకులంటే కంపెనీ క్యాంటీన్ అన్నం. కంపెనీల నీళ్లు కలిసే వాగు దిక్కు పశువులను తోలడం ఊళ్లో ఎప్పుడో మానేశారు. మేత తగ్గింది. చిన్నాయన షిఫ్టు దిగి వచ్చేటప్పుడు క్యాంటీన్‌లో మిగిలిన అన్నం పెద్ద డబ్బాలో మోపెడ్ మీద తెచ్చేవాడు. అది చూసి ఆ వాడకట్టులో తక్కినవాళ్లూ తెప్పించుకోవడం మొదలుపెట్టారు. తెప్పించుకోనిది పెద్దమ్మ ఒక్కతే. ఏరాలి మొగుడు తెచ్చే మెతుకు తన గడప దాటనిచ్చేది కాదు.

నేను చిన్నమ్మకు చెప్పి చూశాను. "అన్నం పెట్టు గాని, జెర కొద్దికొద్దిగ పెట్టు చిన్నమ్మా. చొప్పల కలిపి పెట్టు."

"మనం తినేదే గద డాక్టరమ్మా. దానికేం రోగం?"

"మనకు ఒక్కటే పొట్ట. దాని పొట్టల నాలుగు అర్రలుంటయ్."

"నాలుగు అర్రలున్నంక ఇంక ఎక్కువ పెట్టాలె గద!"

నేను సంచీ భుజానేసుకుని పశువుల దవాఖానాకు నడిచాను.

పెద్దమ్మ దగ్గర నాకు కొంచెం నయంగా నడిచింది. ఒక ఆదివారం ఆమె పెరట్లో కూర్చుని గొర్రె బోటి కడుగుతోంది. పక్కన పీట వేసుకుని, ఆ బోటినే పాఠం చేసేశాను. "గీ తువ్వాల లెక్క పోగులు పోగులున్నది సూడు, ఇది మొదటి అర్ర. అన్నిట్ల పెద్దది. బర్రెకైతే నీళ్ల గోలెమంత ఉంటది. గీ తేనెతుట్టె లెక్కది రెండోది. పుస్తకం కాయితాల లెక్కది మూడోది. నాలుగోది మన పొట్ట అసొంటిది."

"నా పెండ్లైనప్పటిసంది కడుగుతున్న. ఇన్ని అర్రలున్నయని ఎన్నడు సూడలే," అంది పెద్దమ్మ. "అయితే చొప్ప ఎక్కడ అరుగుతది?"

"అసలు ముచ్చట గదే. చొప్పను బర్రె అరిగించుకోలేదు పెద్దమ్మా. మొదటి అర్రల కంటికి ఆనని జీవాలు లెక్కలేనన్ని ఉంటయ్. చొప్పను అవ్వి పులియబెడుతయ్. బర్రె పని నమిలి లోపలికి పంపుడు, మళ్ల పైకి తెచ్చుకొని నెమరేసుడు, అంతే. ఆ పులిసినదాంట్ల బలమంత గీ తువ్వాల పోగులు గుంజుకొని నెత్తుట్ల కలుపుతయ్. నీ పాలల్ల వెన్న అక్కడిదే. ఇగ ఆ జీవాలు గూడ మెల్లగ నాలుగో అర్రలకు కొట్టుకపోయి ఆడ అరిగిపోతయ్."

పెద్దమ్మ చేతిలో బోటిని తిరగేసి చూసింది. "అంటే బర్రె ఆటికి మేత ఏసి సాకుతది. ఆటితోని పని చేయించుకుంటది. ఆఖరుకు ఆటినే తింటది."

"గంతే."

"మా అత్త గూడ గట్లనే ఉండె," అని మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

ఆ వానాకాలం చివర కంపెనీలో విశ్వకర్మ పూజ వచ్చింది. బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు మిషన్లకు పూలదండలు వేసి, ఊదుబత్తీలు వెలిగించి, పెద్ద ఎత్తున వంటలు చేయించారు. బగారన్నం, తెల్లన్నం, పూరీలు, బూందీ. ఆ సాయంత్రం మిగిలినదంతా మా ఊరివైపు వచ్చే ట్రాక్టరులో ఎక్కించుకుని చిన్నాయన పెండ్లికొడుకులా దిగాడు. వాడకట్టంతా గంపలతో వచ్చింది. తనకని పెట్టుకున్న వాటాను చిన్నమ్మ గోడ పక్కనే తొట్టిలో కుమ్మరించి గొంతెత్తింది.

"తినవే తల్లీ, ఇయ్యాల బగారన్నం! బూందీ గూడ ఉన్నది. ఇసొంటిది మనిషి జన్మెత్తినోళ్లకే దొరుకుతలేదు!"

ఇవతల పెద్దమ్మ తన బర్రె ముందు చొప్ప కట్టను కొంచెం గట్టిగానే విసిరేసింది.

మర్నాడు పొద్దున గోడ అవతల ఏ మాటా వినబడలేదు. ఏదో జరిగిందని నాకు అప్పుడే అర్థమైంది. ముఖం కడుక్కుంటుండగా చిన్నమ్మ గోడ మీదికి తల పెట్టి, "డాక్టరమ్మా, జల్దీ రా. మా పిల్ల లేస్తలేదు," అంది.

బర్రె మెడ వాల్చి పడుకుని ఉంది. పళ్లు నూరుతోంది. పేడ నీళ్లలా పారి పుల్లటి కంపు కొడుతోంది. ఎడమ డొక్క నొక్కితే నిండు కుండ కదిలినట్టు లోపల నీళ్ల చప్పుడు. పిడికిలి ఆనించి ఎంతసేపు ఉన్నా పొట్ట కదల్లేదు. బాగున్న బర్రె పొట్ట అయితే ఆగి ఆగి, దూరంగా ఉరిమినట్టు, పిడికిలిని పైకి నెడుతుంది. ఇది చడీ చప్పుడూ లేని గోడౌనులా ఉంది. గొట్టం వేసి కొంచెం నీరు తీసి లిట్మస్ కాగితం ముంచితే ఎర్రగా తిరిగింది.

అన్నం చొప్పలాగా మెల్లగా పులియదు. ఒక్కసారిగా అంత పడేసరికి, పులుపు పుట్టించే క్రిములు విపరీతంగా పెరిగి పొట్టంతా పులుపు చేశాయి. ఆ పులుపుకు చొప్పను అరిగించే జీవాలన్నీ చచ్చాయి. తువ్వాల పోగుల్లాంటివి కమిలిపోయాయి. సెలైన్ సీసాలు జామకొమ్మకు కట్టాను. తినే సోడా నీళ్లలో కలిపి గొట్టంతో పట్టించాను. అది ప్రాణం దక్కించుకుని లేచి నిలబడే వరకు నాకూ అన్నం సహించలేదు.

లేచింది గాని మేత ముట్టదు. నెమరు వెయ్యదు. పచ్చిగడ్డి మూతికి ఆనిస్తే తల తిప్పుకుంటుంది. మళ్లీ కాగితం ముంచి చూశాను. పులుపు విరిగింది.

"మరెందుకు తింటలేదు?" అన్నాడు చిన్నాయన. అప్పటికే బాగా పరేషాన్‌లో ఉన్నాడు.

"లోపల పని చేసేటియి లేవు చిన్నాయనా. అన్ని సచ్చిపోయినయ్."

ఆయన ఠక్కున పట్టుకున్నాడు. "అంటే ప్లాంటు మంచిగనే ఉన్నది. లేబర్ లేరు."

"గదే."

"అయితే వేరే కాడికెళ్లి లేబర్‌ను తేవాలె."

నేను చెప్పబోయింది సరిగ్గా అదే. బాగున్న బర్రె మొదటి పొట్టలోంచి నీరు తీసి, వేడి చల్లారకముందే ఈ బర్రెకు పట్టించాలి. అందులో ఉన్న జీవాలు ఇక్కడ కాపురం పెడతాయి. అయితే ఆ బర్రె చొప్ప తిని బాగా నెమరు వేసేది కావాలి. వాడకట్టులో ప్రతి ఇంటి బర్రె బగారన్నం తిని ఎంతో కొంత నలతగానే ఉంది. మూతి ముడవకుండా చొప్ప నములుతున్నది గోడకు ఇవతల ఒక్కటే.

ఆ మాట అనగానే చిన్నమ్మ లేచి నిలబడింది. "ఆమె బర్రె నోట్లది మా బర్రె నోట్ల పోస్తవా? ఎంగిలి గాదా?"

"నోట్లది గాదు చిన్నమ్మా, కడుపులది."

"అయితే ఇంకా ఘోరం!"

పెద్దమ్మను అడిగితే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఇయ్యనంటలేను బిడ్డా. పశువు పానం ముంగట పంతమేంది? గాని వచ్చి అడుగుమను. నోరున్నది గద. కూరల ఉప్పు సూసేటందుకైతే ఉండె!"

నేను గోడకు అటూ ఇటూ తిరిగి తిరిగి అలిసిపోయాను. దవాఖానాలో పని లేని వేళ చూసి, మధ్యాహ్నం మా అటెండరు చేత గొట్టం, గరాటు, పాలక్యాను తెప్పించి పెరట్లో పెట్టి, "ఇగ మీ ఇష్టం. బర్రె బతకాల్నా వద్దా మీరే తేల్చుకోండ్రి," అని అరుగు మీద కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరూ గుమ్మడి పాదులో కాయలున్నాయేమో వెతుకుతున్నట్టు వంగి నిలబడ్డారు. ఆ పాదుకు అప్పటికింకా పూత కూడా రాలేదు.

చాలాసేపటికి చిన్నమ్మ గోడ దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ వైపు చూడలేదు. పెద్దమ్మ బర్రెను చూస్తూ అంది.

"ఓ తల్లీ, నిన్నే. మా పిల్ల మేత ముడుతలేదు. నీ కడుపులది జెర ఇస్తే బతుకుతది. నీకు పుణ్యముంటది."

బర్రె చెవి ఆడించింది. పెద్దమ్మ దాని వీపు మీద చెయ్యేసింది. "ఇస్తవానే? ఇస్తే తీసుకొని, రేపు ఎంగిలి అనరు గద?"

"ఎంగిలి అని ముందుగాల అన్నదెవలో అడుగు తల్లీ."

పెద్దమ్మ ఒకే చోట నిమురుతూ ఉండిపోయింది. తర్వాత బర్రె చెవిలో రహస్యం చెబుతున్నట్టు వంగి, అందరికీ వినబడేలా అంది. "అన్నదట. నలుగురి ముంగట అనకుంట ఉండాల్సుండె. ఉప్పు సూడకుంట కూర ఎవలు దించుతరు? ఆమె గూడ సూస్తదట. గరిటెతోనే."

గుమ్మడి పాదులోంచి రెండు నవ్వులు ఒక్కసారే పేలాయి.

"నవ్వింది సాలు!" అని పెద్దమ్మ కసిరింది. "బర్రె కొమ్ములు పట్టేదెవలు? నేనా?"

పెదనాన్న కొమ్ములు పట్టుకున్నాడు. నోట్లో చెక్క దిమ్మ పెట్టి, దాని బెజ్జంలోంచి గొట్టం దించాను. గొట్టం అవతలి కొస కిందికి వంచితే నీరు దానంతటదే రావాలి. రాలేదు. చొప్ప పీచు అడ్డం పడింది. అటెండరును ఒకసారి గట్టిగా ఊది, వెంటనే పక్కకు జరగమన్నాను. ఊదాడు, జరిగాడు. ఆయన వెనకే షిఫ్టుకు తయారై, ఇస్త్రీ చేసిన కంపెనీ బట్టలతో చిన్నాయన వంగి చూస్తున్నాడని మా ఇద్దరికీ తెలియదు. ఆకుపచ్చా గోధుమ రంగూ కలిసిన ధార ఒకటి ఎగిరి ఆయన మెడ నుంచి నడుము దాకా అభిషేకం చేసింది. వేరే జత ఉతుకులో ఉంది. ఆయన అలాగే డ్యూటీకి పోయాడు. కంపెనీలో ఎవరూ ఏమీ అనలేదట. ఆ వాసన ఏ బ్లాకులోదో అనుకుని పక్కవాడు ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడట, అంతే.

క్యాను నిండింది. పాత ధోవతిలో వడగట్టి, చుట్టూ వేడినీళ్లలో తడిపిన గోనెసంచి చుట్టాను. ఇక పట్టించడమే తరువాయి. అక్కడే నేను తెలివికి పోయాను. దవాఖానా నుంచి మైక్రోస్కోపు కూడా తెప్పించి ఉంచాను. దాన్ని గోడ మీద పెట్టి, అద్దంతో ఎండ పట్టి, ఒక చుక్క వేసి పెద్దమ్మను చూడమన్నాను. బోటి పాఠం విన్న మనిషి గదా, సంబరపడుతుందనుకున్నాను.

ఆమె ఒక కన్ను చేత్తో మూసుకుని చూసింది. చటుక్కున వెనక్కి జరిగింది. "అమ్మో! ఉరుకుతున్నయ్! నా బర్రె కడుపుల పురుగులా!"

"పురుగులు గావు పెద్దమ్మా. నేను చెప్పిన జీవాలు..."

"దోసగింజలంత ఉన్నయ్, ఎంటికెలు గూడ ఉన్నయ్! పురుగులు గాకపోతే ఏంది? ముందుగాల నా బర్రెకు పురుగుల మందు పొయ్యి!"

గోడ అవతల చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. "విన్నవానే? వాళ్ల బర్రె కడుపు నిండ పురుగులేనట." ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ పురుగులు పోసేది తన బర్రెకేనని గుర్తొచ్చింది. "నేను పొయ్యనియ్య డాక్టరమ్మా! రోగమున్నదానికి పురుగులు గూడనా?"

క్యాను చల్లారిపోతోంది. నేను గబగబా చిన్నమ్మ బర్రె పొట్టలోంచి అంతకుముందు తీసి ఉంచిన నీరు ఒక చుక్క అద్దం మీద వేశాను. "సూడు. ఇది నీ బర్రెది."

చిన్నమ్మ చూసింది. చాలాసేపు చూసింది. "ఏం ఆడుతలేవు. అంత బురద లెక్క ఉన్నది."

"ఇప్పుడు ఇది సూడు. పెద్దమ్మ బర్రెది."

చూసి, కన్ను తియ్యకుండానే, "అబ్బో, జాతర లెక్క ఉన్నది," అంది.

"నీ బర్రె కడుపుల ఈ జాతర లేదు. చేనంత మేసినా కడుపు నిండదు, ఒంటికి పట్టది. ఇవ్వి తింటేనే అది తిన్నట్టు."

పెదనాన్నకు ఇంకో అనుమానం వచ్చింది. ఆయన సోమవారాలు నీసు ముట్టడు. "బర్రె చొప్ప తింటదనుకున్న. గీ జీవాలను తిని పాలిస్తదంటున్నవు. మరి ఆ పాలు నీసా, కాదా?"

"ఇన్నేండ్ల సంది సోమారం తాగుతనే ఉన్నవు గద పెదనాన్నా. దేవుడు ఏమన్న అన్నడా?"

"ఏమనలే."

"అయితే తాగు."

చిన్నమ్మ మెత్తబడింది. గరాటు తనే పట్టుకుంది. క్యాను బరువుగా ఉంది, నేను గొట్టం వదిలేలా లేను. అప్పుడు పెద్దమ్మ చీర కొంగు బొడ్లో దోపుకుని, ఇంటి ముందు నుంచి తిరిగి, ఏరాలి వాకిట్లోకి నడిచి వచ్చింది. నేను ఊళ్లోకి వచ్చాక ఆమె ఆ గడప దాటడం అదే మొదలు.

"డాక్టరమ్మ చేతులు నొస్తయని వచ్చిన," అంది ఎవరూ అడక్కుండానే. క్యాను ఎత్తి పోసింది. గరాటు పట్టుకున్న చేయీ, క్యాను వంచిన చేయీ ఒకదానికొకటి తగులుతుంటే ఇద్దరూ బర్రె మెడ వైపే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు పొద్దున నేను పిడికిలి ఆనించేసరికి లోపల ఎక్కడో చిన్నగా ఉరిమింది. మళ్లీ ఉరిమింది. ఎండెక్కేసరికి ఆ బర్రె మెడలో ఒక ముద్ద కింది నుంచి పైకి ప్రయాణం చేయడం ముగ్గురం చూశాం. దవడ పక్కకు తిరిగి, నెమ్మదిగా నమలడం మొదలైంది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్దమ్మ, "నములుడు మా దాని లెక్కనే ఉన్నది," అని మురిసిపోయింది. తన బర్రె కడుపులోంచి పోయిన జీవాలు గనక నమిలే తీరు కూడా పోయిందని ఆమె నమ్మకం. నేను కాదనలేదు.

పాలు మాత్రం వెంటనే రాలేదు. కమిలిన పొట్ట గోడ మానాలి, బలాన్ని పీల్చే పోగులు మళ్లీ సరిగా రావాలి, అప్పుడు గదా. అందాకా ఉత్త చొప్పా, గడ్డీ. తర్వాత గుప్పెడు అన్నం, మెల్లగా ఇంకో గుప్పెడు. చిన్నమ్మ దగ్గర చొప్ప లేదు. పెద్దమ్మ రోజూ ఒక కట్ట గోడ మీది నుంచి అందించేది. ఇద్దరి మాటలూ ఇంకా బర్రెల మీదుగానే నడిచేవి. ఇన్నాళ్ల తర్వాత మొహం మొహం చూసి మాట్లాడాలంటే ఇద్దరికీ సిగ్గేసిందనుకుంటాను.

ఈ కథ మా వాడకట్టులో ఆగలేదు. చాయ్ హోటల్ దాటి, బస్సెక్కి పక్క ఊళ్లకు పోయింది. పోయేకొద్దీ పెరిగింది. ఒక రోజు దవాఖానాకు పక్క ఊరి మనిషి ఒకాయన సైకిలు మీద ఖాళీ సీసాతో వచ్చాడు.

"మీ కాడ అరుగుదల మందున్నదట గద డాక్టరమ్మా. గీ సీసల పోసియ్యి."

"బర్రెకా, ఆవుకా?"

"మా నాయినకు. పెండ్లిల తినొచ్చినప్పటిసంది మెతుకు ముడతలేడు."

నవ్వు ఆపుకోవడానికి నాకు కొంత సమయం పట్టింది. మనిషికి ఒకటే పొట్ట అని, మనం తిన్నది చాలావరకు పేగుల్లో అరిగి ఒంటికి పడుతుందని, బర్రె పొట్టలో నీరు తాగితే ఉన్న రోగానికి ఇంకోటి తోడవుతుందని చెప్పాను. వాంతులున్నాయా, కడుపు నొప్పి ఉందా అని అడిగాను. రెండూ లేవన్నాడు. లంకణం పెట్టమని, జావ ఇవ్వమని, అప్పటికీ తగ్గకపోతే సంగారెడ్డికి మనుషుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని పంపించాను. నేను మందు దాచిపెట్టుకుంటున్నానన్నట్టు చూసి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికొస్తే పెరట్లో రోలు దగ్గర ఏరాళ్లిద్దరూ ఒకే పీట మీద కూర్చుని ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. గోడ వైపు గాని బర్రెల వైపు గాని చూడడం లేదు.

"ఏంది ముచ్చట?" అన్నాను.

"నీ కాడికి సీస పట్టుకొని వచ్చిండట గద ఒకాయన," అంది పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఇటు గూడ వచ్చిండు. బతిమాలిండు. ఉత్త సీసతోని ఎట్ల పంపుతం?"

"ఏం పోసిన్రు?"

"మజ్జిగనే," అంది చిన్నమ్మ. "వాము, అల్లం, ఉప్పు ఏసి పలచగ చేసినం."

"రంగు నమ్మడని జెర కొత్తిమీర గూడ నూరి కలిపినం," అంది పెద్దమ్మ. "అక్కనే నూరింది," అని చిన్నమ్మ అందించింది.

తెల్లారి ఆ మనిషి సైకిలు హ్యాండిల్‌కు బీరకాయల సంచీ తగిలించుకుని దవాఖానా తెరవకముందే వచ్చి కూర్చున్నాడు. నన్ను చూసి లేచి దండం పెట్టాడు.

"నువ్వు వద్దంటివి గాని డాక్టరమ్మా, ఎంత పనిచేసిందనుకున్నవు! పొద్దుగాల లేచి జొన్నరొట్టె పాలల్ల ముంచుకొని తిన్నడు మా నాయిన. తిన్నంక ఎండకు కూసొని దవడలు ఆడిస్తనే ఉన్నడు. ఆయనకు పండ్లు లేవు. నెమరు పడ్డట్టేనా?"

అటెండరు మొహం గోడకు తిప్పుకున్నాడు. నేను చాలా సీరియస్‌గా తల ఊపి, పడ్డట్టేనన్నాను. అతను సంచీలోంచి బీరకాయలు బల్ల మీద పేర్చి, అడుగున ఉన్న సీసా తీసి నా ముందు పెట్టాడు.

"ఇంకొక్క సీస ఇప్పించు. మా చిన్నాయినకు గూడ జెర మందంగనే ఉన్నది."